అతుకుల బుట్టదీపం

హిందూపురంలో మా వీధి మొదట్లో నిలబడి, కర్టెన్లు కుట్టే ఇల్లు ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. 'ఆమెకు కోపం ఎక్కువ, కొలతలు రెండోసారి మార్చొద్దు' అని కూడా చెప్పి పంపిస్తారట. ఈ సంగతి తెలిసినప్పుడు ఆ పిల్లల మీద కూడా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఉన్నమాటే కదా అనిపించి ఊరుకున్నాను.

ఇరవై ఏళ్ళకు పైగా కర్టెన్లు, సోఫా కవర్లు, దిండు గలీబులు కుట్టాను. దీపానికి బట్ట కుట్టమని మాత్రం ఎవరూ అడగలేదు. రెండేళ్ళ కిందట ఒక అమ్మాయి అడిగింది. పెనుకొండ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చాక కొత్త అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో దిగేవాళ్ళ ఇళ్ళు అందంగా సర్దిపెట్టడం ఆ అమ్మాయి పని. కోస్తా వైపు పిల్ల, మాట మెత్తన. ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. మూడు కాళ్ళ చెక్క స్టాండు, మనిషి భుజం ఎత్తున, దాని నెత్తి మీద బోర్లించిన బుట్టలాగా గుడ్డ. లోపల బల్బు వెలుగుతోంది.

"ఫ్లోర్ ల్యాంప్ ఆంటీ. ఒక ఇంటి హాల్లో పెట్టాలి. షేడ్ మాత్రం పూర్తిగా చేత్తో చేసిందే ఉండాలండీ. మిషన్ కుట్టు కనపడకూడదు. బట్ట కూడా మీ ప్రాంతం పట్టయితే ఇంకా బాగుంటుంది" అంది.

మా ప్రాంతం పట్టు అంటే ధర్మవరం. నాకు ధర్మవరం అంటే అక్క. అందుకే ఆ పని ఒప్పుకున్నాను. దీపం సరదా కంటే, ఆ వంకతో నాలుగుసార్లు అక్కను చూసి రావచ్చన్న ఆశే ఎక్కువ. ఊరికే పోతే అక్కకు నచ్చడం లేదు ఆ రోజుల్లో. "నన్ను చూసేకి రావద్దు మే, నేనేమన్నా ఆస్పత్రిలో ఉండానా?" అని ముఖం తిప్పుకునేది.

మేమిద్దరం ధర్మవరంలో, మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాం. అక్కను మగ్గం ఉన్న ఇంటికే ఇచ్చారు. నన్ను హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో పనిచేసే ఆయనకు ఇచ్చారు. చిన్నప్పుడు మా అవ్వ మా ఇద్దరికీ అచ్చు అతకడం నేర్పాలని చూసింది. మగ్గం ఎరగనివాళ్ళకు అదేమిటో చెప్పాలి. చీరలు నేస్తూ నేస్తూ పడుగు అయిపోవచ్చినప్పుడు, నిలువు పోగులన్నీ ఊడదీసి పారెయ్యరు. వాటి కొసలను దువ్వెన పళ్ళలాంటి అచ్చులో అట్లాగే ఉంచి, కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను అతుకుతారు. ఒక్కొక్క పోగే. అలాంటివి కొన్ని వేలు. వేళ్ళకు కాస్త విబూది అద్దుకుని, రెండు కొసలూ కలిపి బొటనవేలితో ఒక్క మెలిక తిప్పితే అంటుకుపోవాలి. ముడి వేస్తే అచ్చులో దూరదు. మెలిక వదులైతే లాగినప్పుడు ఊడిపోతుంది. పోగు సరిగా పట్టిందా లేదా అనేది వేలి కొసకే తెలియాలి.

నా చేతికి పోగు ఇస్తే తెగేది. నాలుగు రోజులు చూసి మా అవ్వ, "దీనికి కత్తెర ఇయ్యండి, దీనికి తెంపేదొకటే వస్తాది" అని విసుక్కుంది. అట్లా నేను కుట్టుపనిలో పడ్డాను.

అక్క తీరు వేరు. పదేళ్ళకే అవ్వను మించిపోయింది. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి అందరూ కుడికి తిప్పే మెలికను తను ఎడమకు తిప్పేది. అవ్వ ఎంత తిట్టినా మారలేదు. పెళ్ళయ్యాక తన ఇంటి మగ్గానికే కాక ఆ వీధిలో సగం మగ్గాలకు అక్కే అతికేది. ఆమె పని చేస్తుంటే చూడడం నాకు ఇష్టం. ఎందుకంటే ఆమె చేతులు చూసుకునేది కాదు. పోగులు వేళ్ళ మధ్య వాటి దారిన అవి పోతుండేవి, ఆమె మాత్రం మన ముఖం చూసి మాట్లాడుతుండేది. నా పెళ్ళి కబుర్లు, నా కాన్పు కష్టాలు, మా అత్త మీద నేను చెప్పిన చాడీలు అన్నీ అక్క అట్లా నా కళ్ళలోకి చూస్తూనే విన్నది. ఆ వినడంలో ఎన్ని వేల పోగులు అతికిందో నాకు తెలియదు. నా మాట మధ్యలో ఒక్కసారి కూడా చేతుల వైపు చూపు పోలేదని మాత్రం తెలుసు. అంత శ్రద్ధగా నన్ను విన్న మనిషి ఇంకొకరు లేరు నా జీవితంలో.

ఆ అమ్మాయి దీపం అడగడానికి ఏడాది ముందు అక్కకు రొమ్ములో గడ్డ తేలింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి, నెలల తరబడి మందు ఎక్కించారు. మనిషి దక్కింది. ఊడిన జుట్టు రింగులు రింగులుగా మళ్ళీ వచ్చింది. వేళ్ళ కొసల్లో స్పర్శ మాత్రం రాలేదు. ఆ మందుతో కొందరికి అట్లా అవుతుందని, ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేమని డాక్టరు అన్నాడు. వేడి గిన్నె పట్టుకున్నా తెలిసేది కాదు. నేను పోయినప్పుడు రవిక గుండీలు నేనే పెట్టేదాన్ని.

ఇంటికి వచ్చి కాస్త తేరుకున్నాక ఒకరోజు అక్క తనంతట తానే మగ్గం ముందు కూర్చుంది. ఒక పూటంతా అతికింది. బావ పడుగును మెల్లగా ముందుకు లాగాడు. పిడికెడు పోగులు ఒక్కసారిగా ఊడి వేలాడాయి. అక్క వేళ్ళకున్న విబూదిని కొంగుకు తుడుచుకుని లేచింది. "నా చేతులు నాకు ఏమీ చెప్పడం ల్యా" అంది. ఆ తర్వాత మగ్గం గది గడప దాటలేదు. పక్కవీధి నుంచి వేరే ఆమె వచ్చి అతికిపోయేది. ఆమె వచ్చే రోజు అక్క ఏదో ఒక పని పెట్టుకుని మిద్దె ఎక్కేది. ఎండకు వేసిన మిరపకాయలను తిరగేసిందే తిరగేస్తూ సాయంత్రం దాకా కిందికి దిగేది కాదు.

బతికావు కదక్కా, అది చాలదా అని ఒకసారి అన్నాను. తన చేతిలోని బిడ్డను నేను లాక్కున్నట్టు చూసింది నా వైపు. అప్పటినుంచి ఆ మాట ఎత్తలేదు. అక్క మళ్ళీ ఆ మగ్గం ముందు కూర్చుంటుందా లేదా అన్నదొక్కటే మా ఇళ్ళలో అందరి మనసుల్లో ఉండేది, ఎవరి నోటా వచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో నేను దీపం సంగతి పట్టుకుని వెళ్ళాను. బావకు హుషారు వచ్చింది. పని గురించి తప్ప పెద్దగా మాట్లాడే మనిషి కాదు ఆయన. చీర మధ్యలో ఆపి, నా కోసం రెండు గజాలు గంధం రంగు పట్టు నేసిచ్చాడు. ఇస్తూ, "వేలు పెట్టి చూడు. గాలి కూడా దూరదు" అన్నాడు.

హిందూపురం వచ్చి, వెల్డింగు షాపులో చేయించిన కమ్మీ చట్రానికి ఆ బట్ట చుట్టి, లోపల బల్బు వేశాను. గాలి దూరని బట్టలో వెలుతురు మాత్రం ఎట్లా దూరుతుంది? పైనుంచి కొంచెం, కిందినుంచి కొంచెం వెలుగు, మధ్యలో గుమ్మటం లాగా చీకటి. మా ఆయన మార్కెట్ నుంచి వచ్చి ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూసి, "దీపానికి జంపకాన ఏంటికి కప్పినావు, సలి పెడ్తాందా దానికి?" అన్నాడు. ఆ రోజు ఆయనకు ముద్ద ఆలస్యంగా పడింది.

బావకు ఫోన్ చేసి, పల్చగా నేసివ్వమని అడిగాను.

"పల్చగనా? పట్టంటే గట్టిగ ఉండల్ల మ్మా. నేను పల్చగ నేసినానని రేపు ఎవురన్నా అంటే మొగం యాడ పెట్టుకోవల్ల?"

"అది చీర కాదు బావా, దీపం."

"దీపానికైనా నేసేది నేనే గదా" అన్నాడు. ఇంక ఆయనతో వాదించేదేముంది?

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. బావ రేషం, అంటే పట్టుదారం, తేవడానికి బజారుకు పోయాడు, అక్క మిద్దె మీద ఉంది. మగ్గం గదిలో మేకుకు ఒక గుడ్డ సంచి వేలాడుతోంది. మిగులు ముక్కలు, తెగిన జరీ, దారం చుట్టే పాత కండెలు అందులో వేస్తుంటారు. నా చేతులు ఊరికే ఉండవు. సంచి కిందికి దించి వెతికాను. అడుగున కాగితంలో చుట్టిన ముక్క ఒకటి కనపడింది. అదే గంధం రంగు. చీర పన్నా అంత వెడల్పు, మూరెడు పొడవు. కిటికీ దగ్గర పట్టి చూస్తే వెలుతురు తేనెలాగా దిగింది. కొత్త పడుగు అతికాక, పోగులు సర్దుకోవడానికి మొదట మూరెడు పల్చగా నేసి, కత్తిరించి పారేస్తారు. ఇది ఆ ముక్కే. పారేసే ముక్కను కాగితంలో ఎందుకు చుట్టిపెట్టారో ఒక్క క్షణమైనా ఆలోచించలేదు నేను. ఒక మొండి మనిషికి సమాధానం దొరికిందని సంతోషపడ్డాను, అంతే.

మిద్దె మెట్ల దగ్గర నిలబడి, "అక్కా, సంచిలోంచి ఒక ముక్క తీసుకుంటాండా" అని అరిచాను. "తీస్కపో మే, మీ బావ అడ్డమైనవన్నీ దాస్తాడు" అంది పైనుంచి. ఆ సాయంత్రం బావకు కూడా ఫోన్లో చెప్పాను. "గంధం రంగుదేనా?" అన్నాడు. అవునన్నాను. "సరేలేమ్మా, మంచిగ కుట్టు" అని పెట్టేశాడు.

మంచిగానే కుట్టాను. ఆ మాట నేనే చెప్పుకోవాలి. కమ్మీకి నాడా చుట్టి, దాని మీద పట్టును లాగి, పైనా కిందా సన్నటి చేతికుట్టు వేశాను. మడత పడకుండా నాలుగుసార్లు విప్పి కట్టాను. వడ్రంగి చేసిచ్చిన వేపచెక్క స్టాండు మీద పెట్టి, మధ్యాహ్నం వెలుతురులో స్విచ్చి వేసి చూసి మురిసిపోయాను. మరుసటి రోజు పొద్దున్నే స్టాండుకు పాత దుప్పటి చుట్టి, బుట్టను ఒళ్ళో పెట్టుకుని, ప్యాసింజరు బండిలో పెనుకొండకు బయలుదేరాను. ఎదురు సీటు పెద్దమనిషి చాలాసేపు చూసి, "ఏమక్కా, దేవుని గొడుగు యాడికి పోతాండాది?" అన్నాడు. కోపం రాలేదు. అంత మంచి మనసుతో ఉన్నాను ఆ పొద్దు.

ఆ అమ్మాయి నన్ను ఆ కొత్త అపార్ట్‌మెంటుకే తీసుకుపోయింది. హాల్లో దీపం నిలబెట్టి, కిటికీలకు తెరలు లాగి, గది చీకటి చేసి, స్విచ్చి వేసింది. గదంతా లేత పసుపు పరుచుకుంది. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. దగ్గరికి వచ్చింది. వంగి చూసింది.

"ఆంటీ, ఇవేంటండీ?"

నేనూ వంగాను. బుట్ట నడుము చుట్టూ, మొలతాడు కట్టినట్టు, సన్నటి చుక్కల వరుస. ఒక్కొక్కటి గసగస గింజంత. పగటి వెలుతురులో నా కంటికి ఆనని పడుగు అతుకులు ఆ చీకటి గదిలో స్పష్టంగా కనపడ్డాయి.

"పురుగు గుడ్లు పెట్టినట్టుందండీ. సారీ ఆంటీ, ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోరు. స్టాండు చాలా బాగుంది, బట్ట ఒక్కటి మార్చిపెట్టండి" అంది.

ఆ పిల్ల తప్పేమీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, మర్యాదగానే చెప్పింది. తర్వాత ఆ ఇంటికి నూలుబట్టతో వేరే దీపం చేసిచ్చాను, మెచ్చుకున్నారు కూడా. ఆ నిమిషంలో మాత్రం పురుగు గుడ్లు అన్న మాట నా నెత్తికెక్కింది. బట్ట ఒక్కటే మార్చమంటే, స్టాండుతో సహా ఎత్తుకుని స్టేషనుకు వచ్చేశాను. హిందూపురం పోయే బండికి ఇంకా టైముంది. అంతలో ధర్మవరం పోయే బండి వచ్చి నిలబడింది. అంత కోపాన్ని ఇంటికి మోసుకుపోవడం కంటే, ఎవరి మగ్గం మీద పుట్టిందో వాళ్ళకే అప్పజెప్పడం నయమనిపించి ఎక్కేశాను. ఆ ముక్కను సంచిలోంచి తీసుకున్నది నేనే అన్న సంగతి కోపంలో గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం దాటాక అక్కా వాళ్ళింటికి చేరాను. బావ మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో ఉన్నాడు. పాత పడుగు అప్పుడే అయిపోయింది, కొత్త పడుగు గోడకు ఆనించి ఉంది. అతికే ఆమె మరునాడు వస్తుందట. ఆ గది పగలు కూడా మసకగానే ఉంటుంది. స్టాండు దింపి, బుట్ట తగిలించి, అక్కడే ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను.

"చూడు బావా, నీ పట్టు! గాలి దూరదంటివే, ఈ చుక్కలు ఎట్ల దూరినాయి? ఎవురు అతికినారు ఈ పడుగు? పురుగులు గుడ్లు పెట్టినట్టుండాదని మొగం మీదనే అన్యారు నన్ను. ఇంత అధ్వానం పని ఎవురు చేసినారు?"

బావ చేతిలో ఉన్న కండెను పక్కన పెట్టాడు. దీపం వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఆయన చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది. తిరిగి చూస్తే గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

నా అరుపులకు వచ్చినట్టుంది. దీపాన్ని చూస్తూ గడప దాటింది. ఆ గడప దాటి అప్పటికి చాలా నెలలైందని నాకు తెలుసు, బావకు తెలుసు. అక్క బుట్ట ముందు చతికిలబడి, ముఖం దగ్గరగా పెట్టి, చుక్కల వెంబడి మెల్లగా చూసుకుంటూ పోయింది.

"మెలిక ఎడమకి వాలుండాది" అంది. "ఇవి నావి."

నేనూ వంగి చూశాను.

"ఆస్పత్రికి పోయే ముందు వారం అతికింటి. ఆ గంధం రంగు పడుగు. అదే గదా?" అని బావను అడిగింది. ఆయన తల ఊపాడు. "ఈ ముక్కను పారేయకుండా దాచి పెట్టింటివా?"

బావ గుంటలోకి చూస్తూ, "పారేయబుద్ధి కాలా" అన్నాడు. పక్కన పెట్టిన కండెను మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నువ్వు మళ్ళా వస్తావో రావో అనుకుంటి ఆ పొద్దు" అన్నాడు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటిన ఆ మనిషి నోట అలాంటి మాట నేను వినడం అదే మొదలు. ఆ ముక్కనే నేను సంచిలోంచి లాక్కుపోయాను. 'సరేలేమ్మా, మంచిగ కుట్టు' అని ఆయన వదులుకున్నది అదే. ఇప్పుడు దాన్నే ఆయన ముందు పెట్టి అధ్వానం అన్నాను. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అక్క కాళ్ళ దగ్గర కూర్చుని, "నాకు తెలీదక్కా, తప్పైపాయె" అన్నాను.

"ఊరికే ఉండు మే" అంది అక్క. నా ఏడుపు ఆమెకు పట్టలేదు. ఇంకా ఆ చుక్కలనే చూస్తోంది. "నా అతుకు ఎట్లుంటాదో నేనెప్పుడూ చూడ్లా. వేలికి తెలుస్తాండె, అంతే. ఇదో, చూడు, ఇది మంచిగ పట్టింది. సన్నగ, నిండుగ ఉండాది. ఇది చూడు, మధ్యలో వెలుతురు దూరుతాండాది, ఇది వదులు. ఇట్లాటిదే ఊడేది."

ఒక్కొక్క చుక్కా చూపిస్తూ పోయింది. నాకు అన్నీ ఒకటిగానే కనపడ్డాయి. బావ గుంటలోంచి లేచి వచ్చి ఆమె పక్కన వంగి చూశాడు. కాసేపటికి అక్క చెయ్యి చాపింది. అడగకుండానే బావ రెండు పోగులు తెంపి ఆ చేతిలో పెట్టాడు. అక్క వాటిని దీపం ముందు పట్టుకుని మెలిక తిప్పింది. జారిపోయాయి. మళ్ళీ తిప్పింది. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసి, "వదులు" అంది. మళ్ళీ తిప్పింది. నేను కాఫీ పెట్టుకొచ్చేసరికి ఆమె ఒడి నిండా చిన్న చిన్న పోగుముక్కలు. కాఫీ చల్లారిపోయింది. తాగమని చెప్పే ధైర్యం నాకూ లేదు, బావకూ లేదు.

ఆ రోజు నేను అక్కడే ఉండిపోయాను. పొద్దున లేచి చూస్తే వంటింట్లో అక్క లేదు. మిద్దె మీదా లేదు. మగ్గం గదిలోకి పోయాను. కొత్త పడుగు మగ్గం మీదికి ఎక్కి ఉంది. పాత కొసలూ కొత్త కొసలూ ఎదురెదురుగా పరిచి ఉన్నాయి. వాటి వెనకాల నా దీపం నిలబడి ఉంది. బావ మొదట వట్టి బల్బు పెట్టి చూశాడట, కళ్ళలో కొట్టిందట. బుట్ట పెడితే వెలుతురు మెత్తగా పరుచుకుని ఒక్కొక్క పోగూ విడివిడిగా కనపడిందట. దాని ఎదురుగా పీట మీద అక్క. పక్కన కొబ్బరి చిప్పలో విబూది.

రెండు కొసలు పట్టుకుంటుంది. దీపానికి ఎదురుగా పట్టి చూస్తుంది. తిప్పుతుంది. మళ్ళీ చూస్తుంది. వదులనిపిస్తే విప్పి మళ్ళీ తిప్పుతుంది. ఒకప్పుడు నేను ఒక కబురు చెప్పి ముగించేలోపు అతికినన్ని పోగులు అతకడానికి ఇప్పుడు గంట పట్టింది. బెత్తెడు అతికాక బావను పిలిచింది. బావ పడుగును పట్టుకున్నాడు. మెల్లగా లాగాడు. రెండు పోగులు ఊడాయి. రెండే. మిగతావన్నీ అచ్చులోంచి సాఫీగా జారి ముందుకు వచ్చాయి.

అక్క ఊడిన ఆ రెండూ వెతికి పట్టుకుంది.

"అక్కా, నేను పదిన్నర బండికి పోతాండా" అన్నాను గుమ్మంలో నిలబడి.

"ఊఁ, పో. చేరినాక ఫోన్ చెయ్యి" అంది. తల ఎత్తలేదు. నా ముఖం చూడలేదు. చూపు తిప్పితే పోగు తప్పిపోతుంది మరి, ఇప్పుడు చూడాల్సింది చేతుల్నే. ఇంక నా కబుర్లు ఆమె నా కళ్ళలోకి చూస్తూ వినదు. అది పోయింది, దానికి బాధ ఉంది నాకు, ఇప్పటికీ ఉంది. అయినా ఆ పొద్దు ఆ వంగిన తలను, ఆ రింగుల జుట్టును చూస్తూ నిలబడినంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

దీపం అడగలేదు నేను, వాళ్ళూ ఇవ్వలేదు. చెప్పులు వేసుకుంటుంటే వరండాలో బావ ఫోన్ మాట్లాడుతున్నాడు. పక్కవీధి ఆమెతో.

"ఏమ్మా, ఈ పొద్దు నువ్వు రావద్దులే... లే లే, వేరేవాళ్ళనెవుర్నీ పిలవలా. మా ఇంటామె కూచ్చునింది."